జెంగ్ యీ సావ్: సముద్రపు దొంగల నాయకురాలు

పిల్లలూ! సాయంత్రం పూట చిమిండైంగ్ రేవు దగ్గర నిలబడి నదిని ఎప్పుడైనా చూశారా? ఎన్ని పడవలో కదా! ఈ నది కిందికి పోయి సముద్రంలో కలుస్తుంది. మీలో చాలామంది ముత్తాతలు కాకినాడలోనో, విశాఖపట్నంలోనో ఓడ ఎక్కి ఆ సముద్రం మీదుగానే రంగూన్ వచ్చారు. అలాగే ఓడలో తూర్పు వైపు చాలా దూరం వెళ్తే చైనా తీరం వస్తుంది. అక్కడ 200 ఏళ్ళ క్రితం ఉన్న ఒకావిడ గురించి ఇవాళ చదువుదాం.

అందరూ ఆమెను జెంగ్ యీ సావ్ అంటారు. నిజానికి అది ఆమె సొంత పేరు కాదు. జెంగ్ యీ ఆమె భర్త. సావ్ అంటే అన్న భార్య, అంటే వదిన. మన ఊళ్ళలో ఆడవాళ్ళని రాము వాళ్ళమ్మ, సీత వాళ్ళ వదిన అంటాం చూడండి, అలాగన్నమాట. నన్ను కూడా ఇక్కడ చాలామంది మా అబ్బాయి పేరుతోనే పిలుస్తారు!

ఆమె సుమారు 1775లో పుట్టింది. 1801లో జెంగ్ యీని పెళ్ళి చేసుకుంది. అతను సముద్రపు దొంగల నాయకుడు. 1805లో దొంగల ముఠాలు ఒప్పందం రాసుకుని ఒక్కటయ్యాయి. ఒక్కో దళానికి ఒక్కో రంగు జెండా. అన్నిటికంటే పెద్దది జెంగ్ యీ నడిపిన ఎర్ర జెండా దళం.

1807లో జెంగ్ యీ చనిపోయాడు. ఆమె ఆ ముఠాలను చెదిరిపోనివ్వలేదు. జాంగ్ బావ్ అనే యువకుడికి ఎర్ర జెండా దళాన్ని అప్పగించి, పెత్తనం తన చేతిలో ఉంచుకుంది. తర్వాత అతన్నే పెళ్ళి చేసుకుంది. ఉప్పు ఓడలు వాళ్ళకు డబ్బు కట్టి, చీటీ తీసుకుని వెళ్ళేవి. చీటీ లేకపోతే దోపిడీయే. 1809లో వాళ్ళు నది ఒడ్డు ఊళ్ళ మీద పడ్డారు. ఎంతోమంది చనిపోయారు. ఇది మనం మర్చిపోకూడదు.

1810 ఏప్రిల్‌లో ఆమె ఆయుధం లేకుండా, కొంతమంది ఆడవాళ్ళనీ పిల్లల్నీ వెంటబెట్టుకుని, క్యాంటన్ నగరంలో పెద్ద అధికారి బాయ్ లింగ్ దగ్గరికి వెళ్ళింది. కూర్చుని బేరం ఆడింది. దొంగలకు క్షమాపణ దొరికింది. జాంగ్ బావ్‌కు ప్రభుత్వ సైన్యంలో ఉద్యోగం వచ్చింది. అప్పుడు లొంగిపోయినవాళ్ళు 17,318 మంది. అప్పగించిన ఓడలు 226. ఆమె 1844 వరకు బతికింది.

మరి పుస్తకాలు ఆమెను ఎలా చూపించాయి? యువాన్ యుంగ్‌లున్ అనే చైనా రచయిత 1830లో ఈ దొంగల చరిత్ర రాశాడు. మరుసటి ఏడాదే న్యూమన్ దాన్ని ఇంగ్లీషులోకి మార్చాడు. ఆ పుస్తకంలో దొంగల కఠిన నియమాలు పెట్టింది జాంగ్ బావ్ అని ఉంది. తర్వాత వచ్చిన చాలా పుస్తకాలు అవన్నీ ఆమే పెట్టిందని రాసేశాయి. అర్జెంటీనా రచయిత బోర్హెస్ 1935లో అచ్చయిన తన పుస్తకంలో ఆమె మీద ఒక కథ రాశాడు. అందులో ఆకాశంలో ఎగిరే డ్రాగన్ గాలిపటాలు చూసి ఆమె లొంగిపోతుంది! కథ బాగుంటుంది. కానీ ఆమె అసలు తెలివి బేరంలో ఉంది. ఆ కథలో అదే మాయమైంది.

కొందరు ఆమెను రాక్షసి చేశారు, కొందరు వీరనారి చేశారు. ఆమె తెలివైనదీ నిజమే, ఆమె మనుషుల వల్ల ఊళ్ళు ఏడ్చిందీ నిజమే. రెండూ కలిపి చెప్తేనే ఆమె కథ. ఇకపై ఎవరి గురించి చదివినా, ఇది ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అని ఒక్కసారి అడగండి.

కొత్త మాటలు
రేవు: పడవలు, ఓడలు ఆగే చోటు
ముఠా: కలిసి తిరిగే గుంపు
పెత్తనం: అందరి మీదా అధికారం
బేరం: ఇచ్చేదీ పుచ్చుకునేదీ మాట్లాడుకోవడం

మీరు చేయండి
1. ఆమె లొంగిపోవడం గురించి కథలో ఏముంది? చరిత్రలో ఏముంది?
2. మీ అమ్మమ్మని, నానమ్మని అందరూ ఏమని పిలిచేవారు? వాళ్ళ సొంత పేర్లు అడిగి, తెలుగులో రాయండి.