నవాబు అలీ నవాజ్ జంగ్ బహదూరు

మన నిజామాబాదు సీమకు మంజీరా జలమును కాలువలద్వారా తెచ్చిన మహాశిల్పి నవాబు అలీ నవాజ్ జంగ్ బహదూరుగారు. వారి చరిత్రమును మన విద్యార్థుల కొఱకు సంగ్రహముగా వ్రాయుచున్నాము.

వీరి అసలు పేరు మీర్ అహమ్మద్ అలీ. 1877వ సంవత్సరము జూలై 11వ తేదీన హైదరాబాదునందు జన్మించిరి. నిజాము కళాశాలలో చదివిన పిమ్మట, 1896లో సర్కారువారి విద్యార్థివేతనముతో ఇంగ్లండున కేగి, కూపర్సు హిల్ కళాశాలలో ఇంజనీరింగు విద్య నభ్యసించిరి. స్వదేశమునకు మరలి, తామీరాతు శాఖలో క్రమక్రమముగా పైకివచ్చి, 1918లో చీఫ్ ఇంజనీరైరి.

1908లో మూసీనది పొంగి హైదరాబాదునందు వేలకొలది జనులు మృతిచెందిరి. అట్టి విపత్తు మరల రాకుండుటకై కట్టబడిన ఉస్మాన్ సాగర, హిమాయత్ సాగరముల నిర్మాణమందు వీరికి ముఖ్యభాగము కలదు. అయినను వీరి కీర్తికి ప్రధానకారణము నిజాంసాగరము. 1923లో ఆరంభమైన ఆ పని 1931లో ముగిసెను. 2,75,000 ఎకరములకు నీరిచ్చుట దాని ఉద్దేశము. కాలువనీరు వచ్చుటచే చెఱకు పెరిగెను. చెఱకు పెరుగుటచే 1937లో బోధనునందు చక్కెర కర్మాగారము వెలసెను. అది 2015లో మూతపడుట మన ప్రాంతమునకు గొప్ప నష్టము.

విద్యార్థులు గమనింపవలసిన విషయ మింకొకటి కలదు. మొదట నిజాంసాగరమున సుమారు 3,000 కోట్ల ఘనపుటడుగుల నీరు నిలువగలిగెడిది. ఎగువనున్న నేలలమీది మన్ను వానలకు కొట్టుకొని నదిలో చేరును. పారెడి నీరు దానిని మోయగలదు. చెఱువులో నిలిచిన నీరు మోయజాలదు. కావున మన్ను అడుగున పేరుకొనును. ఇట్లు 1973 నాటికి చెఱువులో పట్టు నీరు సగమునకు తక్కువయ్యెను. తరువాత నీటిమట్టమును పెంచి కొంత లోటు తీర్చిరి. కట్ట యెంత దృఢమైనను, ఎగువ నేలను కాపాడనిచో చెఱువు నిలువదు. ఎగువ చెట్లు నాటుట, గట్లు వేయుట, నీటిని ఒండ్రును ఏటేట కొలుచుట తరువాతివారి విధులు.

నవాబుగారు 1938లో ఏర్పడిన జాతీయ ప్రణాళికా సంఘమున నీటిపారుదల ఉపసంఘమునకు అధ్యక్షులైరి. 1949 డిసెంబరు 6వ తేదీన పరమపదించిరి. వారి జన్మదినమును 2014 మొదలు తెలంగాణమునందు ఇంజనీర్ల దినముగా జరుపుచున్నారు.

ఐగుప్తునందు యోసేపు సమృద్ధికాలపు ధాన్యమును కఱవుకాలమునకై దాచెను. వీరు వానకాలపు నీటిని వేసవి పైరులకై దాచిరి. దేవుడిచ్చిన భూమిని సేద్యపరచుటయేగాక కాచుటయు మన విధి. మన పాఠశాలనుండి నీటిని, నేలను శోధించు శాస్త్రజ్ఞులు బయలుదేరుదురుగాక యని కోరుచున్నాము.