దిఙ్నాగాచార్యుడు

కృష్ణా గోదావరుల నడిమి దేశమునకు పూర్వము వేంగి యని పేరు. క్రీ.శ. 7వ శతాబ్దిలో చీనా యాత్రికుడగు హ్యూన్‌త్సాంగు ఈ దేశమును దర్శించి, దీని రాజధానికి చేరువ నున్న యొంటికొండపై దిఙ్నాగుడు హేతుశాస్త్రగ్రంథమును రచించెనని వ్రాసియున్నాడు. ఆ రాజధాని ఏలూరు దగ్గఱి పెదవేగి యని చరిత్రకారులు తలంతురు. బెజవాడకు పొరుగున నివసించిన యీ మహనీయుని చరిత్రము మన విద్యార్థు లెఱుగదగినది.

దిఙ్నాగుడు 5, 6 శతాబ్దుల సంధికాలమున నుండెను. కాంచీపుర ప్రాంతమున జన్మించెనని టిబెట్టు చరిత్రలు చెప్పుచున్నవి. దేహమునందు మాటల కందని జీవుడు గలడనియు, వానిని వెదకుమనియు తొలి గురువు ఆజ్ఞాపించెనట. శిష్యుడు పగలు కిటికీలు తెఱచియు, రాత్రి దీపములు వెలిగించియు వెదకి, ఎందును గానరాలేదని విన్నవించెను. గురువు కోపించి పంపివేసెను. పిమ్మట నాతడు వసుబంధుని శిష్యుడయ్యెనని ప్రతీతి.

నాటి నైయాయికులు అనుమానమునకు ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము అను నైదంగములను జెప్పుచుండిరి. దిఙ్నాగుడు పక్షము, హేతువు, దృష్టాంతము అను మూడే చాలుననెను. తన ప్రమాణసముచ్చయమునందలి యాఱు ప్రకరణములలో నొకదానిని దృష్టాంతవిచారమునకే కేటాయించెను.

కొండపై పొగ గలదు గావున నిప్పు గలదందుము. వంటయిల్లు దీనికి సాధర్మ్యదృష్టాంతము. అచట పొగయు నిప్పును గూడియుండును. చెఱువు వైధర్మ్యదృష్టాంతము, అచట నిప్పు లేదు, పొగయు లేదు. మొదటిది నియమమును కన్నులకు గట్టించును. రెండవది నిప్పులేనిచోట పొగ యుండదని చూపి నియమమునకు కావలి కాయును. నిప్పున్నచోట నెల్ల పొగ యుండునని తలక్రిందుగా వాదించువానికి ఎఱ్ఱగా కాలిన యినుపగుండు ఒక్కటి చూపిన చాలును. వాని నియమము భంగమగును.

మేమును 3, 5, 7 సంఖ్యలను జూచి బేసిసంఖ్య లన్నియు ప్రధానసంఖ్యలే యని చిన్నతరగతులలో భ్రమించినవారమే. 9 మాకు బుద్ధి చెప్పినది. సంఖ్యల విషయమున నీ పొరపాటునకు పోవునవి మార్కులు మాత్రమే. ఒకని దోషమును జూచి వాని యూరినంతను నిందించినచో పోవునది న్యాయము.

ప్రమాణసముచ్చయము సంస్కృతమున సమగ్రముగా మనకు దక్కలేదు. టిబెట్టు భాషాంతరములే దానిని కాపాడినవి. అనుకూలమైన యుదాహరణము దొరకినంతనే తృప్తి చెందక, ప్రతికూలమైనదానిని గూడ వెదకవలెను. అది కనబడినచో, గురుకోపమునకైనను వెఱవక చెప్పవలెను. ఈ మహనీయుని జీవితమునుండి మేము గ్రహించిన పాఠ మిదియే.