రంగం నుండి దోమల్‌గూడ దాకా – స్వామి రంగనాథానంద

హైదరాబాదు దోమల్‌గూడలోని రామకృష్ణ మఠం తెలియని తెలుగువారు అరుదు. విదేశాలకు వచ్చే ముందు అక్కడి భాషా తరగతుల్లో ఇంగ్లీషో, జర్మనో, ఫ్రెంచో నేర్చుకున్నవారు మన సభ్యుల్లోనూ ఉండే ఉంటారు. 1973 నుండి 1993 వరకు ఆ మఠానికి అధ్యక్షులుగా ఉన్న స్వామి రంగనాథానంద ఉపన్యాసాలు విన్నవారూ ఉంటారు. కానీ ఆయన యువకుడిగా రంగూన్‌లో, అంటే నేటి యాంగాన్‌లో, గడిపిన మూడేళ్ళ గురించి తెలిసినవారు తక్కువ.

స్వామీజీ 1908 డిసెంబరు 15న కేరళలోని త్రిక్కూర్ గ్రామంలో జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు శంకరన్. 1926లో, పదిహేడేళ్ళ వయసులో, మైసూరు ఆశ్రమంలో చేరారు. మొదటి ఆరేళ్ళు ఆయన చేసిన పని వంట చేయడం, అంట్లు తోమడం, ఆశ్రమాన్ని శుభ్రంగా ఉంచడం. తర్వాత విద్యార్థుల హాస్టల్‌కు వార్డెన్ అయ్యారు. 1933లో సన్యాసం స్వీకరించారు.

1939లో రంగూన్‌లోని రామకృష్ణ మిషన్ శాఖకు కార్యదర్శిగా, లైబ్రేరియన్‌గా వెళ్ళారు. మన తాతలు రంగం అని పిలుచుకున్న ఊరు అది. కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల్లో ఓడలెక్కి వెళ్ళిన వేలాది తెలుగువారు అక్కడ ఓడరేవులోను, బియ్యం మిల్లుల్లోను చెమటోడ్చేవారు. ఆ నగరంలో మిషన్‌కు ఒక పెద్ద ఆసుపత్రి, ఒక గ్రంథాలయం ఉండేవి.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. క్రిస్మస్ నాడు మళ్ళీ వేశాయి. రేవు కూలీలు, పారిశుద్ధ్య కార్మికులు ప్రాణభయంతో ఊరు విడిచారు. వారు లేకపోతే నగరం ఒక్క రోజు కూడా నడవదని అధికారులకు అప్పుడు తెలిసివచ్చింది. 1942 మార్చి 8న నగరం జపాన్ వశమయింది. దాదాపు 5 లక్షల మంది భారతీయులు బర్మా వదిలి వచ్చారని అంచనా. ఓడలో చోటు దొరకనివారు అరకాన్ కొండలు దాటి కొందరు, మణిపూర్ అడవుల గుండా కొందరు నడిచారు. కలరా, మలేరియా, ఆకలి వేలాది మందిని దారిలోనే బలి తీసుకున్నాయి.

స్వామీజీ శరణార్థుల సహాయ కార్యక్రమాల్లో పాల్గొన్నారు. చివరికి తానూ వారితో కలిసి కాలినడకన సాగి ఢాకా చేరుకున్నారు.

అదే సంవత్సరం ఆయనకు కరాచీ శాఖ బాధ్యత అప్పగించారు. దేశ విభజన తర్వాత అక్కడ పని కొనసాగించడం అసాధ్యమై 1948లో అదీ వదలవలసి వచ్చింది. ఆరేళ్ళలో రెండుసార్లు కట్టుకున్నదంతా వెనక వదిలి రావడం మాటలు కాదు. తర్వాత 1949 నుండి 1962 వరకు ఢిల్లీ, 1967 వరకు కలకత్తా, ఆపైన హైదరాబాదు. దోమల్‌గూడలో గ్రంథాలయం, భాషా తరగతులు, వైద్య కేంద్రం, ఉపన్యాసాలు ఒక్కొక్కటిగా రూపుదిద్దుకున్నాయి. చదువూ వైద్యమూ పక్కపక్కన నడిచిన రంగూన్ పద్ధతే ఇక్కడా కనిపిస్తుంది. భవనాలు, పుస్తకాలు పోయినా, పదిమందీ కలిసి పనిచేస్తూ నేర్చుకున్నది పోదనడానికి ఇంతకన్నా నిదర్శనం ఏం కావాలి?

1998లో ఆయన రామకృష్ణ మఠం, మిషన్‌లకు 13వ అధ్యక్షులయ్యారు. 2000లో భారత ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటిస్తే, అది సంస్థకు కాక తన ఒక్కరికే ఇస్తున్నారన్న కారణంతో స్వీకరించలేదు. 1998 సంవత్సరపు గాంధీ శాంతి బహుమతిని మాత్రం స్వీకరించారు. ఎందుకంటే అది మిషన్‌కు ఇచ్చినది. 2005 ఏప్రిల్ 25న, 96 ఏళ్ళ వయసులో, పరమపదించారు.

తుపాను వచ్చినా, భూకంపం వచ్చినా, కోవిడ్ లాంటి విపత్తు వచ్చినా మన సంఘాలు లక్షల్లో విరాళాలు పోగుచేస్తాయి. అది మనకు గర్వకారణమే. కానీ ఆ పని చేసిన నలుగురు వెళ్ళిపోతే తర్వాతి కమిటీ మళ్ళీ ఓనమాల నుండి మొదలుపెడుతోంది. శిలాఫలకం మీద ఎవరి పేరు ఉండాలన్న చర్చకు పెట్టే సమయంలో సగం, పని నేర్పడానికి పెడితే ఎలా ఉంటుంది? అంట్లు తోమడంతో మొదలుపెట్టి, పద్మ పురస్కారాన్ని సంస్థ కోసం వదులుకున్న ఈ మహనీయుడి జీవితం మనల్ని అడిగే ప్రశ్న అదే.