థామస్ హంట్ మోర్గన్

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని కెంటకీ రాష్ట్రమున, లెక్సింగ్టన్ పట్టణమందు 1866వ సంవత్సరము సెప్టెంబరు 25వ తేదీన థామస్ హంట్ మోర్గన్ జన్మించెను. 1890లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొంది, కొంతకాలము వేరొక కళాశాలలో బోధించి, 1904లో న్యూయార్కు నగరములోని కొలంబియా విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా చేరెను.

తల్లిదండ్రుల లక్షణములు బిడ్డలకెట్లు సంక్రమించునను ప్రశ్న ఆ రోజులలో పండితులను వేధించుచుండెను. జీవకణములలో క్రోమోసోములను సన్నని పోగులున్నవనియు, అవియే లక్షణములను మోసికొని పోవుననియు కొందరు చెప్పుచుండిరి. మోర్గన్ ఆ మాటను నమ్మలేదు. ప్రయోగమున రుజువైన దానినే గాని ఆయన అంగీకరించువాడు కాడు.

పరీక్షకై ఆయన ఎన్నుకొన్న ప్రాణి, మ్రగ్గిన అరటిపండ్లపై ముసురు చిన్న ఈగ. దాని పెంపకమునకు ఖర్చు స్వల్పము. సుమారు రెండు వారములలో క్రొత్త తరము సిద్ధమగును. పాలసీసాలలో వేలకొలది ఈగలు పెరుగుచుండిన ఆ ఇరుకు గదికి ఈగల గది యను పేరు స్థిరపడెను. ఎంతకాలము చూచినను చెప్పుకోదగిన మార్పేదియు కనబడలేదు.

1910లో, ఎఱ్ఱని కన్నులుగల ఈగల నడుమ తెల్లని కన్నులుగల మగ ఈగ యొకటి కానవచ్చెను. సంతతి లేకయే అది చనిపోయినచో అంతవరకు పడిన శ్రమ వ్యర్థమే. మోర్గన్ దానిని ఎఱ్ఱకన్నుల ఆడ ఈగలతో జతపరచెను. ఎఱ్ఱకన్నుల పిల్లలు 1,237 పుట్టెను, తెల్లకన్నులవి మూడే. ఆ ఎఱ్ఱకన్నుల పిల్లలను తమలో తాము జతపరచగా, మరుసటి తరమున 3,470 ఎఱ్ఱకన్నులవి, 782 తెల్లకన్నులవి వచ్చెను. ఆ 782యు మగవియే! ఆడ మగ భేదమును నిర్ణయించు క్రోమోసోముతోనే కన్నుల రంగును సంక్రమించుచున్నదని తేలెను. తాను కాదన్న సిద్ధాంతమునకు తన ఈగయే సాక్ష్యము పలికెను. మోర్గన్ పంతమునకు పోక అభిప్రాయమును మార్చుకొనెను. నలుబది దాటిన ఆచార్యునకిది సులభమైన పని కాదు.

స్టర్టెవంట్, బ్రిడ్జెస్, ముల్లర్ అను శిష్యులు ఆయనకు తోడైరి. క్రోమోసోముపై జన్యువుల వరుసను చూపు తొలి పటమును స్టర్టెవంట్ 1913లో ప్రకటించెను. మోర్గన్ 1928లో కాలిఫోర్నియాకు తరలెను. 1933లో నోబెల్ బహుమానము లభింపగా, ఆ ధనమును తన బిడ్డలకే గాక స్టర్టెవంట్, బ్రిడ్జెస్‌ల బిడ్డలకును పంచియిచ్చెను. 1945 డిసెంబరు 4వ తేదీన పాసడీనాలో మరణించెను.

ఆయన కాలమున ఒక మార్పు యొక్క చోటు తెలియుటకు వేల ఈగలను లెక్కింపవలసి యుండెను. 2000లో ఆ ఈగ డి.ఎన్.ఏ. అక్షరముల వరుస ప్రకటింపబడెను. ఇప్పుడు మార్పుగల ఈగ వరుసను మామూలు ఈగ వరుసతో పోల్చి, మారిన అక్షరమును పట్టుకొనుచున్నారు. తెల్లకంటి ఈగ వంశము ఇంకను ప్రయోగశాలలలో పెరుగుచునే యున్నది. దాని కంటిరంగు జన్యువులో వేరొక డి.ఎన్.ఏ. తునక దూరియున్నదని తరువాతి శాస్త్రజ్ఞులు కనుగొనిరి.