రంగుల లెక్క తేల్చిన మాక్స్‌వెల్

సంధ్యవేళ ఆకాశం ఎరుపు నుండి పసుపుకు, పసుపు నుండి నీలిమకు మారుతున్నప్పుడు ఏ రంగు ఎక్కడ ముగిసి ఏ రంగు ఎక్కడ ఆరంభమైనదో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆ సంధ్యారాగాన్ని నేడు కంప్యూటరు తెరమీద కల్పిస్తున్నారు. సంగారెడ్డి చెంతనున్న కందిలోని హైదరాబాదు ఐ.ఐ.టి. వంటి విద్యాలయాలలో డిజైను అభ్యసించే విద్యార్థి తెరకు ఒక అంచున ఒక రంగును, రెండవ అంచున మరొక రంగును నిర్ణయిస్తే చాలు, నడిమి ఛాయలను యంత్రమే నింపుతుంది. దీనినే గ్రేడియంటు అంటారు. మొదటి క్షణానికి ఒక రంగుల జతను, నాలుగు సెకన్ల తరువాతి క్షణానికి మరొక జతను నిర్ణయిస్తే, సెకనుకు 25 చిత్రాల చొప్పున నూరు చిత్రాలలో ఆ రంగులు ఒకదానిలోనికొకటి ప్రవహిస్తాయి. రంగును సంఖ్యగా మార్చగలిగినప్పుడే ఇది సాధ్యం. ఆ సంఖ్యలకు ప్రయోగపూర్వకమైన పునాది వేసినవాడు జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్.

ఆయన 1831 జూన్ 13వ తేదీన స్కాట్లండులోని ఎడింబరో నగరంలో జన్మించాడు. బాల్యం గ్లెన్‌లేర్ అనే పల్లెపట్టున తండ్రిగారి ఎస్టేటులో గడిచింది. ఎనిమిదవ యేట తల్లిని పోగొట్టుకున్నాడు. ఉదరంలో పుట్టిన రాచపుండు ఆమెను బలిగొన్నది. పదవ యేట ఎడింబరో పాఠశాలలో చేరినప్పుడు, ఇంట కుట్టిన దుస్తులను, పల్లెటూరి యాసను చూచి తోటి బాలురు ఆయనకు వెర్రిబాగులవాడని పేరు పెట్టారు. ఆ వెర్రిబాగులవాడే పదునాలుగవ యేట అండాకార వక్రరేఖలను గురించి ఒక వ్యాసం వ్రాశాడు. బాలుడు పండితసభలో చదవడం తగదని, ఫోర్బ్స్ అనే ఆచార్యుడు దానిని ఆయన తరఫున 1846లో ఎడింబరో రాయల్ సొసైటీలో చదివి వినిపించాడు.

ఆ ఫోర్బ్స్ ఆచార్యుడే 1849 ప్రాంతంలో ఆయనను రంగుల పరిశోధనకు మళ్లించాడు. ఎరుపు, పసుపు, నీలం అనేవి మూడే మూలవర్ణాలని చిత్రకారులు నమ్మేవారు. నీలమూ పసుపూ కలిస్తే ఆకుపచ్చ అవుతుందన్నది అందరూ ఎరిగిన మాట. కాని ఆ రెండు రంగుల బిళ్లలను గిరగిర త్రిప్పి చూస్తే ఆకుపచ్చ రాలేదు. లేత గులాబి ఛాయ వచ్చింది. కంటిని అనుమానించాలా, అందరి నమ్మకాన్ని అనుమానించాలా? మాక్స్‌వెల్ నమ్మకాన్నే అనుమానించాడు. రంగుపొడులను కలిపినప్పుడు ఒక్కొక్క పొడి వెలుగులో కొంత భాగాన్ని మ్రింగివేస్తుంది. రెండూ మ్రింగక విడిచినది మాత్రమే కంటికి చేరుతుంది. బొంగరం తిరిగేటప్పుడు అలా కాదు. రెండు వెలుగులూ కంటిలో ఒకదానితో ఒకటి కూడుకుంటాయి. మొదటిది తీసివేత, రెండవది కూడిక.

ఈ కూడికను కొలవడానికి ఆయన ఒక బొంగరం చేయించాడు. ఇంగిలీకపు ఎరుపు, మరకతపు పచ్చ, గాఢనీలం రంగుల కాగితపు బిళ్లలను కేంద్రం వరకు చీల్చి, ఒకదానిలోనికొకటి జొనిపి, ఏ రంగు ఎంత కనిపించాలో అంత కనిపించేటట్లు అమర్చాడు. లోపలి వలయంలో తెలుపు, నలుపు బిళ్లలుంచాడు. అంచును నూరు భాగాలుగా విభజించాడు. ఎరుపు 37, నీలం 27, పచ్చ 36 పాళ్లు ఉంచి త్రిప్పినప్పుడు వెలుపలి వలయం, తెలుపు 28, నలుపు 72 పాళ్లతో ఏర్పడిన లోపలి బూడిదరంగుతో అభేదంగా కలిసిపోయింది. రంగు గణితమైనది! ఈ ఫలితాలను 1855లో ప్రకటించాడు. కంటిలో మూడు విధాల వర్ణసంవేదన ఉండవచ్చునని థామస్ యంగ్ 1802లో చేసిన ఊహకు ఆ విధంగా కొలత దొరికింది.

1856లో తండ్రి గతించాడు. ఆ యేడే మాక్స్‌వెల్ ఎబర్డీన్‌లో ఆచార్యపదవి స్వీకరించి, 1858లో కాథరిన్ మేరీ డ్యూవర్‌ను వివాహమాడాడు. ఆమె ఆయన వర్ణప్రయోగాలలో పరిశీలకురాలిగా పాలుపంచుకున్నది. 1860లో అక్కడి రెండు కళాశాలలను ఏకం చేయడంతో ఆయన ఉద్యోగం పోయింది. అదే సంవత్సరం మశూచి సోకి ప్రాణం మీదికి వచ్చింది. భార్య పరిచర్యతో కోలుకున్నాడు. అదే సంవత్సరం వర్ణపరిశోధనకు రమ్‌ఫర్డ్ పతకమూ లభించింది.

లండనులో కింగ్స్ కళాశాలలో చేరిన పిమ్మట, 1861 మే 17న రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో స్కాట్లండు గళ్ల పట్టీని మూడు రంగుల ద్రవాల గుండా తీసిన మూడు ఛాయాచిత్రాలను తెరమీద ఒకదానిపై ఒకటి ప్రసరింపజేసి, లోకానికి తొలి వర్ణఛాయాచిత్రం చూపాడు. ఆనాటి ఫలకాలకు ఎర్రని కాంతిని గ్రహించే శక్తి లేదు. ఆ ఎర్రబట్ట నుండి వచ్చిన అతినీలలోహిత కిరణాలు ఫలకంపై పనిచేయడంవల్లనే ప్రదర్శన ఫలించిందని తరువాత నూరేళ్లకు తేలింది. అదృష్టం తోడు వచ్చినా సూత్రం సత్యమే.

కదలిక కూడా ఆయనను ఆకర్షించింది. గుండ్రని డబ్బాలో బొమ్మల పట్టీనుంచి త్రిప్పుతూ చీలికలగుండా చూచే ఆటవస్తువొకటి అప్పటికే ఉండేది. 1868లో ఆయన ఆ చీలికల స్థానంలో పుటాకార కటకాలు అమర్చి బొమ్మలు అలికినట్లు కాక స్పష్టంగా కనిపించేటట్లు చేశాడు. సుడివలయాలు ఒకదానిలోనుంచి ఒకటి దూరిపోయే తీరును స్వయంగా చిత్రించి అందులో ఆడించాడు.

రంగుకు సంఖ్య, బొమ్మకు చలనం: నేటి గ్రేడియంటుకు కావలసినవి ఈ రెండే. కంప్యూటరు ఎరుపు, పచ్చ, నీలాలకు సాధారణంగా 0 నుండి 255 వరకు విలువలిస్తుంది. నిండు ఎరుపుకు, నిండు పచ్చకు నడుమ విలువలను సగం చేసి 128 చొప్పున వేస్తే, మధ్యలో మురికి పసుపు కనబడుతుంది. విలువ సగమైతే వెలుగు సగం కాకపోవడమే దీనికి కారణం. అది ఐదవ వంతుకు కొంచెం మించుతుంది, అంతే. సగం వెలుగు కావాలంటే 188 వేయాలి. అంకెలను కాక వెలుగునే పంచుకోవాలన్నది ఆ బొంగరం నేర్పిన పాఠం.

వెలుగు విద్యుదయస్కాంత తరంగమని 1865లో ప్రకటించిన వ్యాసంలో నిరూపించబూనినవాడూ ఆయనే. కేంబ్రిడ్జిలో కావెండిష్ ప్రయోగశాలకు తొలి ఆచార్యుడై, 1874లో దానిని ప్రారంభించాడు. 1879 నవంబరు 5న, తల్లిని కబళించిన వ్యాధితోనే, 48వ యేట కన్నుమూశాడు. ఆయన చెప్పిన తరంగాలను హెర్ట్జ్ ప్రయోగంలో చూపింది మరి ఎనిమిదేళ్లు గడచిన తరువాతనే.

ఒక అట్టముక్క, మూడు రంగు కాగితాలు, ఒక పుల్ల ఉంటే ఆయన బొంగరాన్ని ఏ పల్లెబడిలోనైనా చేయవచ్చు. అది తిరిగినప్పుడు, పుస్తకంలోని మాటకంటె తన కన్ను చూచినదానిని నమ్మి లెక్కించే ధైర్యం ఒక్క విద్యార్థికి కలిగినా, ఆ మహనీయునికి అంతకుమించిన స్మారకం లేదు.