భాషకు పేరైన ఏడా లవ్‌లేస్

బట్టలుతుకు యంత్రములోను, విమానములోను ఇమిడియుండు చిన్న కంప్యూటరునకు ఏ భాషలో ఆజ్ఞలు వ్రాయవలెనను ప్రశ్న, ఆ విద్య నేర్వగోరు విద్యార్థి కెవ్వనికైనను ఎదురగును. అట్టి భాషలలో ఒకటి ఒక స్త్రీ పేర వెలసినది. ఆమె చరిత్రమును మేమిచట చెప్పుచున్నాము.

ఆంగ్లకవి బైరన్ ప్రభువు కుమార్తె ఏడా 1815 డిసెంబరు 10వ తేదీన లండనులో జన్మించెను. నెల దాటిన కొలది దినములకే తల్లి బిడ్డ నెత్తుకొని పుట్టింటికి వెడలిపోయెను. తండ్రి ఆ యేప్రిలులో దేశము విడిచి, మరల కూతురి మొగము చూడకయే 1824లో గ్రీసు దేశమున మరణించెను. బిడ్డకు తండ్రి పోకడ అంటునేమోయని వెఱచిన తల్లి ఆమెకు చిన్ననాటనే గణితము చెప్పించెను. ఆ మందు పూర్తిగా పనిచేయలేదని మా అభిప్రాయము. ఏడా గణితమును కూడ కవివలెనే చూచెను.

1833లో ఆమె ఛార్లెస్ బాబేజిని కలిసికొని, పండ్లచక్రములతో లెక్కలు కట్టు ఆయన యంత్రపు నమూనాను చూచెను. పిమ్మట బాబేజి అంతకన్న పెద్దదగు యంత్రమును ఊహించెను. దానికి ఆజ్ఞలిచ్చుటకు రంధ్రములు పొడిచిన అట్టలు వాడదలచెను. జాకార్డు మగ్గముపై పువ్వులు నేయుట చూచిన పిల్లల కీ సంగతి సులభముగా బోధపడును.

మెనబ్రియా అను ఇటలీ దేశపు ఇంజనీరు 1842లో ఈ యంత్రమును గూర్చి ఫ్రెంచిలో వ్యాసము ప్రకటించెను. ఏడా దానిని ఆంగ్లమున కనువదించెను. 1954 వరకు ఫ్రెంచి పాలనలో నుండిన మన యానాంలో, ఇంట తెలుగును సర్కారులో ఫ్రెంచియును నడిపిన పెద్దలకు ఆ పనిలోని శ్రమ తెలియును. ఆమె అనువాదముతో తృప్తిపడలేదు. మూలమునకు సుమారు మూడింతలు వ్యాఖ్య వ్రాసి 1843లో ప్రకటించెను. బెర్నూలీ సంఖ్యలను యంత్రము కనుగొనుటకు వలయు మెట్లను, ఏ ఫలమును ఎచట నుంచవలెనో, ఏ మెట్లను మరల త్రొక్కవలెనో పట్టికగా చూపెను. అందు బాబేజి పాలెంతయని పండితులు నేటికిని వాదింతురు. నియమములకు లోబడినచో సంగీతమును సైతము యంత్రము కూర్పగలదను ఊహయు ఆ వ్యాఖ్యలోనే కలదు. ఆ యంత్రము మాత్రము పూర్తి కాలేదు.

1970 ప్రాంతములలో అమెరికా రక్షణశాఖవారి ఆయుధములలోను, ఓడలలోను ఇమిడిన కంప్యూటర్లకు 450కి పైగా భాషలు, ఉపభాషలు వాడుకలో నుండెను. ఒకరు వ్రాసినది మరియొకరు దిద్దజాలరైరి. ఒక్క భాషను ఎన్నుకొనుటకై పోటీ పెట్టగా, ఫ్రెంచి దేశస్థుడు జాన్ ఇక్బియా బృందము రచించినది 1979లో గెలిచి, ఏడా పేరు పొందెను. దాని ప్రమాణపత్రమునకు ఆమె జన్మసంవత్సరమగు 1815 సంఖ్యనే ఇచ్చిరి.

వేగము, ఎత్తు వేరు జాతులని ఒకసారి చెప్పినచో, రెంటిని కలుపుటకు ఈ భాష ఒప్పుకొనదు. 1972 ప్రాంతమున డెన్నిస్ రిచీ నిర్మించిన సి భాష వ్రాయువాని నమ్మి ఊరకుండును. సి తేలిక, దాదాపు ప్రతి చిన్న యంత్రమునకును దొరకును, కనుకనే లోకమున దానికే వాడుక హెచ్చు. బట్టల యంత్రమునకు సి చాలునని మేమందుము. విమానము మాట వేరు. 2001 జనవరి 4న తొలిసారి ఎగిరిన మన తేజస్ విమానమును నడుపు ఆజ్ఞలు ఏడాలో వ్రాసినవే.

అయినను 1996 జూన్ 4న ఫ్రెంచి గయానాలో ఎగిరిన ఏరియన్ 5 రాకెట్టు ఒక నిమిషమైనను నిలువక నశించెను. దానిలోని ఆజ్ఞలును ఏడాలోనివే. పాత రాకెట్టుకు వ్రాసినదానిని క్రొత్తదానికి తగినంత పరీక్షింపక వాడిరి. 16 గడులలో పట్టనంత పెద్ద సంఖ్య వచ్చెను. భాష తప్పును పట్టుకొనెను గాని, పట్టుబడినచో దిక్కు చూపు కంప్యూటరు ఆగిపోవునట్లు మనుష్యులే ఏర్పరచియుండిరి.

ఏడా తుదినాళ్లు సుఖముగ సాగలేదు. గుఱ్ఱపు పందెములలో ధనము పోగొట్టుకొనెను. కాన్సరుతో బాధపడి 1852 నవంబరు 27న కన్నుమూసెను. అప్పటికామె వయస్సు 36 ఏండ్లు. తండ్రి పోయినదియు ఆ వయస్సుననే. ఆమె కోరినట్లే, తానెన్నడు నెఱుగని ఆ తండ్రి ప్రక్కన, హక్నాల్ గ్రామపు చర్చిలో సమాధి చేసిరి.