విలియం కేరీ గారు కాపురమున్న ఇళ్ళు

సంఘాల్లో ప్రార్థన విన్నపాలు చదివేటప్పుడు దాదాపు ప్రతివారం వినిపించే మాట ఒకటుంది: సొంత ఇంటి కోసం ప్రార్థించండి. అది తప్పు కోరిక కాదు. అద్దె ఇళ్ళు మారి మారి అలసిపోయిన కుటుంబం తనకొక గూడు కావాలని దేవుణ్ణి అడగడంలో లోపమేమీ లేదు. అయితే ఆ ఇల్లు ఎవరి వలన వచ్చింది, దేని కోసం వచ్చింది అనే ప్రశ్నను గృహప్రతిష్ఠ ప్రార్థన నాడు ఒకసారి తలచి, మరునాటికి మరచిపోతున్నాము. ఈ వారం మనమొక దైవజనుని జీవితాన్ని ఆయన కాపురమున్న ఇళ్ళను బట్టి ధ్యానించుకుందాం. ఆయన విలియం కేరీ గారు. 1818లో తెలుగు క్రొత్త నిబంధన అచ్చయి వెలువడింది శ్రీరాంపూర్‌లో ఆయన, ఆయన సహచరులు నడిపిన ముద్రణాలయం నుండే. కనుక మనం ఆయనకు ఋణపడి ఉన్నాము.

కేరీ గారు 1761 ఆగస్టు 17న ఇంగ్లండులోని నార్తాంప్టన్‌షైర్ జిల్లా, పాలర్స్‌పరీ అనే పల్లెలో పుట్టారు. తండ్రి ఎడ్మండ్ మగ్గం నేసేవాడు. కేరీ గారికి ఆరేళ్ళ వయసులో తండ్రికి ఊరి బడిలో ఉపాధ్యాయుని పని, చర్చిలో గుమాస్తా పని దొరికాయి. ఉద్యోగంతో పాటు బడి ఇల్లూ వచ్చింది. ఆ ఇంట్లో తనకు దొరికిన గదిని పిల్లవాడు మొక్కలతో, పురుగులతో, పిట్టలతో నింపేశాడు. పొలం పనికి పోదామంటే ఎండ పడని చర్మవ్యాధి. అందుకని పద్నాలుగేళ్ళప్పుడు పిడింగ్టన్ అనే మరో పల్లెలో బూట్లు కుట్టే పని నేర్చుకోవడానికి పెట్టారు. తర్వాత దాని ప్రక్కనే ఉన్న హాకిల్టన్‌లో పనిచేశారు.

1781 జూన్ 10న పిడింగ్టన్ చర్చిలో డొరతీ ప్లాకెట్‌తో ఆయన వివాహం జరిగింది. వరునికి ఇంకా ఇరవై నిండలేదు. వధువుకు చదువు రాదు గనుక రిజిస్టరులో గీత గుర్తు పెట్టింది. ఆనాటి ఇంగ్లండు పల్లెల్లో భూమి ఎక్కువగా పెద్ద భూస్వాముల చేతిలో ఉండేది. చేతిపని చేసుకొనేవాడు సొంత ఇల్లు సంపాదించడం అరుదు. ఆ పేదకాపురంలోనే తొలి బిడ్డ ఆన్ రెండో ఏట జ్వరంతో చనిపోయింది. అదే జ్వరం తండ్రినీ మరణం అంచుకు తీసుకుపోయింది. బ్రతికారు గాని జుట్టంతా ఊడిపోయింది. చూడడానికి వచ్చిన తల్లి వారి లేమిని చూసి నొచ్చుకుంది. అప్పుడు ఇంకా కుర్రవాడైన తమ్ముడు థామస్ తాను దాచుకున్న డబ్బు తెచ్చి ఇచ్చాడు. పుట్టిన ఊరివాళ్ళు తలా కొంత పోగుచేశారు. ఆ సొమ్ముతోనే పిడింగ్టన్‌లో ఒక చిన్న ఇల్లు ఏర్పాటయింది.

ప్రియ పాఠకులారా, ఇక్కడ కాస్త ఆగుదాం. తరువాతి కాలంలో ఎన్నో భాషల్లోకి లేఖనాలను తెచ్చిన మనిషికి తల దాచుకొనే చోటు దొరికింది ఒక తమ్ముని త్యాగం వలన, ఇరుగుపొరుగుల చందా వలన. వారి పేర్లు చరిత్రలో లేవు. దేవుని లెక్కలో ఉన్నాయని మేము నమ్ముతున్నాము.

1785లో కుటుంబం మౌల్టన్ అనే పల్లెకు మారింది. అక్కడ చిన్న బాప్టిస్టు సంఘానికి కాపరి కావాలి, పిల్లలకు పంతులు కావాలి. సంఘం ఇచ్చింది ఏడాదికి సుమారు పది పౌండ్లు. లండన్‌లోని ఒక నిధి నుండి మరో ఐదు పౌండ్లు వచ్చేవి. అది చాలక మళ్ళీ బూట్లు కుట్టారు. రోజుల తరబడి ఆ ఇంట మాంసం ముఖం చూడలేదు. కానీ ఆ చిన్న ఇల్లే బడి అయ్యింది, పని కొట్టు అయ్యింది, చదువుకొనే గది అయ్యింది. గోడకు కాగితాలు అతికించి చేసిన పెద్ద ప్రపంచ పటం వేలాడేది. దాని మీద ఏ దేశంలో ఎంతమంది జనం, వారి మతమేమిటి అని వ్రాసుకొనేవారు. కెట్టరింగ్‌లోని థామస్ గాచ్ అనే బూట్ల వ్యాపారి ఆయన చదువు శ్రద్ధను గమనించి, బూట్ల పని మానుకొమ్మని, వారానికి పది షిల్లింగులు తానే ఇస్తానని మాట ఇచ్చాడు. తోలు నానబెట్టిన తొట్టితో సహా ఆ మౌల్టన్ ఇల్లు భద్రపరచబడింది.

1789లో లెస్టర్ పట్టణానికి పిలుపు వచ్చింది. 1792 అక్టోబరు 2న కెట్టరింగ్‌లో ఒక విధవరాలి ఇంటి గదిలో కొద్దిమంది కాపరులు కూడుకొని మిషన్ సంఘాన్ని స్థాపించారు. ఆనాడు వ్రాసుకొన్న చందా 13 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్నీలు. అదీ ఒక ఇంట్లోనే మొదలయ్యింది.

ఇక చెప్పవలసింది డొరతీ గారి మాట. ఇది మన ప్రసంగాల్లో ఎక్కువగా వినబడదు. ఆమె పుట్టి పెరిగింది ఆ రెండు మూడు పల్లెల మధ్యే. భర్త ఇండియాకు పోదామన్నప్పుడు ఆమె రానన్నది. నిండు గర్భిణి, ముగ్గురు చిన్న పిల్లలు, ఎన్నడూ చూడని సముద్రం. ఎవరైనా భయపడతారు. ఆమె పిడింగ్టన్‌లో ఉండి 1793 మే నెలలో నాలుగో కుమారుణ్ణి కన్నది. మొదట ఎక్కిన ఓడ నుండి దిగిపోవలసివచ్చి కేరీ గారు, ఆయన తోటి మిషనరీ థామస్ గారు తిరిగి వచ్చి బ్రతిమాలారు. చివరికి చెల్లెలు కిట్టీ తోడు వస్తే వస్తానన్నది. ఆ కొద్ది గంటల్లో ఇల్లు సర్దుకొని, చంటిబిడ్డను ఎత్తుకొని జూన్ 13న ఓడ ఎక్కింది. మళ్ళీ ఆ పల్లెను ఆమె చూడలేదు.

నవంబరు 11న కలకత్తా చేరారు. చేతిలో డబ్బు త్వరలోనే అయిపోయింది. కొద్ది నెలల్లోనే ఒక చోటు నుండి మరో చోటుకు, సుందరవనాల అడవి అంచుకు, అక్కడి నుండి మద్నాబతి నీలిమందు కర్మాగారానికి మారారు. 1794లో ఐదేళ్ళ పీటర్ అక్కడే చనిపోయాడు. సమాధి త్రవ్వడానికి మనుషులు దొరకడమే కష్టమయ్యింది. ఆ దుఃఖం తర్వాత డొరతీ గారి మనస్సు చెదిరిపోయింది. పన్నెండేళ్ళకు పైగా ఆ స్థితిలోనే ఉండి 1807 డిసెంబరు 8న కన్నుమూశారు. ప్రక్క గదిలో భార్య కేకలు వినబడుతుండగానే కేరీ గారు లేఖనాలను అనువదించారు. ఆయన సహనాన్ని మనం పొగడుతాము. అయితే ఆమె చెల్లించిన వెలను కూడా ఒప్పుకొనకపోతే మన కృతజ్ఞత అసంపూర్ణమే.

1800 జనవరిలో ఆయన శ్రీరాంపూర్ చేరారు. మిషనరీలు కలిసి ఒక ఇల్లు కొని, ఒకే బల్ల దగ్గర భోజనం చేస్తూ, సంపాదనంతా ఉమ్మడిలో వేసుకొని బ్రతికారు. ఫోర్ట్ విలియం కళాశాలలో కేరీ గారికి వచ్చిన జీతం కూడా ఆ ఉమ్మడికే వెళ్ళింది. 1812 మార్చిలో ముద్రణాలయం అగ్నికి ఆహుతి అయినప్పుడు ఆయన తెలుగు వ్యాకరణం వ్రాతప్రతి కూడా కాలిపోయింది. మళ్ళీ కూర్చుని వ్రాశారు. 1814లో అది అచ్చయ్యింది. 1834 జూన్ 9న ప్రభువునందు నిద్రించారు. నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా స్వదేశం వెళ్ళలేదు. వీలునామాలో మిషన్ ఆవరణ మీద తనకు ఏ హక్కూ లేదని స్పష్టంగా వ్రాశారు. జాబెజ్ అనే కుమారునికి కొంత సొమ్ము ఇవ్వడానికి తన పుస్తకాలు అమ్మమన్నారు. జాబెజ్ అంటే ఆ రోజు తల్లి చంకలో ఓడ ఎక్కిన చంటిబిడ్డే.

ఇల్లు కొనవద్దని మేము చెప్పడం లేదు. మన తెలుగు పల్లెల్లో నేటికీ అద్దె గదుల్లో పరిచర్య చేస్తున్న కాపరులున్నారు. పిలుపు భర్తకు వస్తే, వంటిల్లూ పుట్టిల్లూ విడిచి వెంట నడిచిన భార్యలున్నారు. పరిచర్య ముగిసిన నాడు ఎక్కడికి పోవాలో తెలియని వృద్ధులున్నారు. మన ఇంటికి పునాది వేసేటప్పుడు వారిలో ఒక్కరి అద్దె, ఒక్కరి పైకప్పు మన లెక్కలో ఉండాలి. మన సంఘం కాపరిగారి క్షేమం అడిగేటప్పుడు అమ్మగారి క్షేమం కూడా అడగాలి. పాలర్స్‌పరీ పల్లెవాసులు చేసింది అంతకంటే పెద్ద పనేమీ కాదు. ప్రభువు మనకును అట్టి మనస్సు దయచేయును గాక.